వెనక సీటు చప్పుడు ముందు వినేది మనమే!

మిక్సీ జారు కింద ఉండే నల్లటి రబ్బరు కప్లర్ అరిగిపోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. మోటారు తిరుగుతూనే ఉంటుంది, జారు గడగడలాడుతుంది, పప్పు మాత్రం నలగదు. అంతమాత్రాన కొత్త మిక్సీ కొనేస్తామా? చిన్న రబ్బరు ముక్క మార్పించుకుని, మళ్లీ ఇడ్లీ పిండి రుబ్బుకుంటాం. కారు వెనక చక్రాల దగ్గర కూడా అలాంటి రబ్బరు ముక్కలే ఉంటాయి. వాటిని బుష్షులంటారు.

"కార్ల సంగతి మనకెందుకమ్మా" అని పేజీ తిప్పేయకండి. బండి నడిపేవారు ముందు కూర్చుంటారు. ఇంజను మోత, హారన్ల గోల మధ్య వెనక ఏం జరుగుతోందో వారికి సరిగ్గా వినబడదు. పిల్లల్ని ఒళ్లో పెట్టుకుని, అత్తగారిని పక్కన కూర్చోబెట్టుకుని వెనక సీట్లో ఉండేది మనమే. అందుకే చప్పుడు ముందు వినబడేదీ మనకే.

మా ఇంట్లో ఉన్నది 2007 నాటి మారుతీ 800. ఈ కారు తయారీ 2014లోనే ఆగిపోయినా మన ఊళ్లలో ఇంకా చాలా ఇళ్ల ముందు కనబడుతూనే ఉంటుంది. కిందటేడు మా బండి స్పీడు బ్రేకరు దాటినప్పుడల్లా వెనక నుంచి 'టక్, టక్' అనేది. "ఎవరో తలుపు కొడుతున్నట్టుందే" అనేవారు మా అత్తయ్యగారు. హైవే మీద పక్కనుంచి బస్సు వెళితే బండి తోక కాస్త ఊగినట్టుండేది. షెడ్డుకి తీసుకెళితే షాక్ అబ్జార్బర్లు పోయాయన్నారు. రెండూ మార్చారు, డబ్బు తీసుకున్నారు. చప్పుడు మాత్రం ఎక్కడికీ పోలేదు! మావారు విసుగెత్తి బండి అమ్మేద్దామన్నారు. "ఇంకొక్క చోట చూపిద్దామండీ" అని పట్టుబట్టాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పెద్దాయన కింద దూరి, చిన్న ఇనుప కడ్డీతో నాలుగుచోట్ల కదిపి చూసి, "షాకులు కాదమ్మా, ఆర్ము బుష్షులు పోయాయి" అన్నారు. అసలు రోగం అక్కడుంది.

ఇంతకీ ఈ ఆర్ము అంటే ఏమిటి? ఈ కారు వెనక రెండు చక్రాలకూ కలిపి ఒకే ఇరుసు ఉంటుంది. ఆ ఇరుసు ముందుకీ వెనక్కీ జరగకుండా రెండువైపులా ఒక్కో ఇనుప చెయ్యి పట్టుకుని ఉంటుంది. దాన్ని ట్రెయిలింగ్ ఆర్మ్ అంటారు. పక్కలకి జరగకుండా అడ్డంగా ఒక రాడ్డు ఉంటుంది. వీటి చివర్లలో బోల్టు వెళ్లేచోట బుష్షులు దిగగొడతారు. బుష్షంటే లోపల ఒక ఇనుప గొట్టం, దాని చుట్టూ రబ్బరు. గతుకుల్లో చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడల్లా ఆ రబ్బరే మెలితిరిగి మళ్లీ యథాస్థానానికి వస్తుంది. పాత కుక్కరు గాస్కెట్టు గట్టిపడి బీటలు వారినట్టే ఏళ్లు గడిచేసరికి ఇదీ గట్టిపడి చిరుగుతుంది. అప్పుడు ఇనుముకి ఇనుము తగిలి చప్పుడొస్తుంది.

చప్పుడు ఒక్కటే అయితే భరించవచ్చు. కానీ ఇరుసుని పట్టుకోవాల్సిన చెయ్యి వదులైతే గట్టిగా బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు వెనక చక్రాలు కాస్త పక్కకి లాగుతాయి. వానలో తడిసిన రోడ్డు మీద అది ప్రమాదం. టైర్లు ఒకవైపే అరిగి ఆ ఖర్చూ నెత్తిన పడుతుంది. ఇలాంటి ఇరుసున్న బండికి వెనక చక్రాల అలైన్‌మెంట్ మిషను మీద పెట్టి సరిచేసే వీలుండదు. ఆర్ములూ బుష్షులూ బాగుంటేనే చక్రాలు తిన్నగా ఉంటాయి.

మార్పించాలనుకున్నప్పుడు మొదట తేల్చుకోవాల్సింది బుష్షులు చాలా, ఆర్ములు కూడా మార్చాలా అని. ఆర్ము వంగకుండా, పగుళ్లు లేకుండా, పైపైన తుప్పు మాత్రమే ఉంటే బుష్షులు మారిస్తే చాలు. తుప్పు తినేసినా, బోల్టు కన్నం కోలగా సాగిపోయినా ఆర్మే మార్చాలి. పగిలినదానికి వెల్డింగు పెడతామంటే ఒప్పుకోకండి. ఆర్ము వెళ్లి బండి బాడీకి బిగిసేచోటు కూడా చూడమనండి. కాకినాడ, విశాఖ, బందరు వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లవారు ఇది మరీ గట్టిగా అడగాలి. అక్కడి రేకు తినేసి ఉంటే కొత్త ఆర్ము వేసినా లాభం లేదు, ముందు ఆ రేకు పని చేయించాలి.

బుష్షు సామాను ఖరీదు తక్కువే, కూలీయే ఎక్కువ. తుప్పుపట్టిన బోల్టు లోపలి గొట్టానికి అంటుకుపోతే ఒక్కోసారి కోసి తీయాల్సి వస్తుంది. ముందురోజే తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచితే పని కొంత తేలికవుతుంది. బోల్టు కోయాల్సి వస్తే ఎంతవుతుందో ముందే అడిగి పెట్టుకోండి. తరవాత గొడవలుండవు.

ఒకవైపే పోయిందన్నా రెండువైపులా మార్పించండి. ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి అరిగిన చెప్పు వేసుకుని నడిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి! అయితే రెండు ఆర్ములూ ఒకేసారి ఊడదీయకూడదు. ఒకటి పూర్తిచేశాకే రెండోది. లేకపోతే ఇరుసు జరిగిపోయి, బ్రేకు గొట్టం మీద బరువు పడుతుంది. పాత బుష్షు తీయడానికీ, కొత్తది ఎక్కించడానికీ ప్రెస్సు వాడాలి. సుత్తితో బాదితే కొత్త బుష్షు అక్కడే పాడవుతుంది. ఎక్కకపోతే సబ్బునీళ్లు రాయవచ్చు కానీ మామూలు నూనె, గ్రీజు రబ్బరుకి పడవు, ఉబ్బిపోతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది, చాలామంది తొందరలో వదిలేసేది ఒకటుంది. బోల్టుల చివరి బిగింపు బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చెయ్యాలి. ఎందుకో చెబుతాను. కూర్చుని కుచ్చిళ్లు దోపుకుంటే, లేచి నిలబడ్డాక చీర ఎలా ఉంటుంది? ఒకచోట లాగేసి, ఒకచోట వదులైపోతుంది కదా! ఇదీ అంతే. జాకీ మీద చక్రాలు వేలాడుతుండగా బోల్టు గట్టిగా బిగిస్తే రబ్బరు ఆ భంగిమలోనే పట్టుబడిపోతుంది. బండి కిందకి దించగానే అది మెలితిరిగిపోయి, గతుకుల్లేకుండానే రోజంతా ఆ మెలికలోనే ఉంటుంది. కొత్త బుష్షు త్వరలోనే చిరుగుతుంది. "కొత్తవి వేయించినా నిలవలేదు" అని సామానుని తిట్టుకుంటాం. అందుకే ముందు బోల్టులు వదులుగా పెట్టి, బండి కిందకి దించి లేదా ఇరుసు కింద జాకీతో బరువు ఎత్తిపట్టి, అప్పుడు బిగించమనండి. ఈ ఒక్కమాట అంటే చాలు, మెకానిక్ మీవైపు ఇంకోలా చూస్తాడు!

ఇది ఇంట్లో పానా పట్టుకుని చేసే పని కాదు. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందకి మీవారైనా, పిల్లలైనా దూరబోతే ససేమిరా అనండి.

పని అయ్యాక పాత బుష్షులు అడిగి తీసుకోండి. పగుళ్లు మీకే కనబడతాయి. నట్లు, బోల్టులు కొత్తవి వేశారో లేదో బిల్లులో చూసుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకెళ్లి బిగింపు చూపించండి. పదిహేనేళ్లు నిండిన కార్లకి రిజిస్ట్రేషను అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి, బండిని తనిఖీకి చూపించాలి కూడా. ఆ తారీఖు దగ్గరపడకముందే ఈ పని చేయించుకుంటే ఉరుకులు పరుగులు తప్పుతాయి.

మీ ఇంట్లో పాత కారుంటే ఈ ఆదివారం ఒక పని చెయ్యండి. అద్దాలు ఎత్తేసి, పాటలు ఆపేసి, వెనక సీట్లో కూర్చుని స్పీడు బ్రేకరు మీదుగా నెమ్మదిగా పోనివ్వమనండి. 'టక్' మని వినబడితే ఊరుకోకండి. "నీకన్నీ అనుమానాలే" అన్నాసరే, షెడ్డుదాకా తీసుకెళ్లండి.