ఎవరి పత్తి, ఎవరి రెక్కలు?

నిరుడు చలికాలంలో హైదరాబాదులో మిత్రబృందం ఒకటి రెండు రోజుల నూలు శిబిరం పెట్టి నన్నూ రమ్మంది. 'మన నేల, మన పత్తి, మన బట్ట' అని కరపత్రం మీద వేశారు. పాతికమంది వచ్చాం, మగవాళ్ళు నలుగురే. అధ్యాపకులం, రచయిత్రులం, కంప్యూటర్ ఉద్యోగాలు మానుకున్న అమ్మాయిలు. చాపల మీద పెట్టె రాట్నాలు ముందు పెట్టుకుని కూర్చున్నాం. వడకడం ఒక ధ్యానమనీ, నూలు తెగిందంటే మనసు తెగినట్టనీ నిర్వాహకుడు చెప్పాడు. మాకు నేర్పడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఒక పెద్దావిణ్ణి పిలిపించారు. ఆమె పేరు మాకెవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు. మాలో ఒకరు, "ఇలా వడుకుతుంటే మీకు ఎలా అనిపిస్తుందమ్మా?" అని ఎంతో ఆర్తిగా అడిగారు. "ఏటనిపిస్తాదమ్మా, నడుం నొప్పెడతాది" అందామె.

అందరం నవ్వాం. నేనూ నవ్వాను. ఈ వ్యాసం రాస్తున్నది ఆ నవ్వు గురించే.

ఆమె కట్టుకున్నది పాలియెస్టర్ చీర. ఈ సంగతి శిబిరంలో ఎవరూ ఎత్తలేదు, మర్యాద కాదనుకున్నారేమో. జీవితమంతా నూలు వడికిన మనిషి ఒంటి మీద నూలుపోగు లేదు. అక్కడ నేర్చుకోవలసిన మొదటి పాఠం అదే. దాన్ని దాటేసి మేం ఏకు పట్టుకోవడం నేర్చుకున్నాం.

స్థానిక పత్తి మీద నాకు కోపం లేదు. మన చుట్టుపక్కల పండిన పత్తిని మన చుట్టుపక్కలే నూలు చేసి, నేసి, కట్టుకోవాలన్న కోరిక మంచిదే. కానీ 'మనం' అన్నప్పుడు అందులో ఎవరున్నారు, 'సమష్టి' అన్నప్పుడు ఎవరి రెక్కల మీద నిలబడి ఆ మాటంటున్నాం? ఇది అడిగితే వాతావరణం పాడుచేసినట్టు చూస్తారు. చూడనివ్వండి.

పొందూరు ఖద్దరు సంగతే తీసుకుందాం, ఇలాంటి సభల్లో అందరి నోటా వినిపించేది అదే కనుక. ఉత్తరాంధ్రలో పండే కొండపత్తి పింజ పొట్టి. దాన్నుంచి మిల్లు తీయలేని నూరో నంబరు నూలు చేతుల్లోంచి వస్తుంది. ముందు గింజ మీదున్న దూదిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడ పళ్ళు దువ్వెనకన్నా సన్నం. చెత్త పోతుంది, పోగులు ఒక వరసకొస్తాయి. తర్వాత చెక్క మీద ఇనుపకడ్డీ దొర్లించి గింజ వేరుచేస్తారు. దూది ఏకుతారు, ఏకులు చుడతారు. అవి నలగకుండా ఎండిన అరటి దొప్పలో పెట్టుకుని, ఇరవై నాలుగు ఆకుల రాట్నం తిప్పుతూ ఒక్క కదురు మీద వడుకుతారు. ఇదంతా చేసేది ఆడవాళ్ళు, ఎక్కువగా పట్టుశాలి స్త్రీలు. (మాటవరసకి, ఆ వాలుగ దవడలు గోదావరి వైపు నుంచి కొనితెచ్చుకోవాలి. 'పూర్తిగా స్థానికం' అని గీత గీసేవాళ్ళు ఆ చేపని గీతకి ఏ వైపు పెడతారో!) గాంధీజీ ఆ బట్ట చూసి ముచ్చటపడి, ఎలా తయారవుతుందో చూసిరమ్మని కొడుకు దేవదాసు గాంధీని పంపించారని ఊళ్ళో ఇప్పటికీ చెప్తారు. పంచె సన్నదనం అందరికీ తెలుసు. దువ్విన ఆడమనిషికి పూట గడిచిందో లేదో చూసిరమ్మని ఎవర్నీ పంపినట్టు వినలేదు.

అలాగని గాంధీజీకి ఆ సంగతి పట్టలేదంటే అన్యాయం. 1935లో ఆయనే పట్టుబట్టి, వడికే స్త్రీకి ఎనిమిది గంటల పనికి బతకడానికి సరిపడే కూలి ఇవ్వాలన్నారు. ధర పెరిగితే ఖద్దరు ఎవరు కొంటారని సొంత సంఘంలోనే భయపడ్డారు. తొంభై ఏళ్ళు దాటినా ఆ భయం తీరలేదు. దేశమంతటికీ వర్తించే ఖాదీ రేట్లలో చిలపకి, అంటే వెయ్యి మీటర్ల నూలుకి, ఏడున్నర రూపాయలుండేది. 2023 ఏప్రిల్‌లో పది చేశారు. 2024 గాంధీ జయంతికి పన్నెండున్నర చేశారు. పత్రికల్లో దీన్ని పాతిక శాతం పెంపు అని రాశారు. రెండున్నర రూపాయల పెంపు అని రాస్తే వార్త అవదు కదా! ఈలోగా 2021 చివర్లో జెండా నియమావళి మార్చి, జాతీయ జెండాని పాలియెస్టర్‌తోనూ మిల్లులోనూ చేసుకోవచ్చన్నారు. రాట్నం దేశభక్తికి గుర్తుగా మిగిలింది, రాట్నం తిప్పే మనిషికి ఉన్న గిరాకీలో ఒక ముక్క పోయింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పుకోవాలి. నా పిహెచ్‌డి జాతీయోద్యమ కాలపు సాహిత్యం మీద. అందులో ఒక అధ్యాయమంతా రాట్నమే. రాట్నం ముందు కూర్చున్న స్త్రీ భారతమాత ఎలా అయిందో, ఆమె సహనం ఎలా స్వరాజ్యమైందో నలభై పేజీలు రాశాను. 'ప్రతీక' అన్న మాట ఎన్నిసార్లు వాడానో లెక్కలేదు. ఆమెకి చిలపకెంత ఇచ్చారన్న వాక్యం ఒక్కటీ లేదు. మౌఖిక పరీక్షలో ఎవరూ అడగలేదు కూడా. మనం చదువుకున్న స్త్రీవాదం ప్రతీకల్ని విప్పడం బాగా నేర్పింది. విప్పాక కింద ఒక మనిషి కనిపిస్తే ఏం చేయాలో అంతగా నేర్పలేదు.

నిజానికి ఈ విషయం నాకు పుస్తకాల్లోంచి తెలియాల్సింది కాదు. మా అమ్మమ్మది నల్లగొండ వైపు నేత ఇల్లు. తాత మగ్గం గుంటలో కూర్చునేవాడు. అమ్మమ్మ కండెలు చుట్టేది, ఆసు పోసేది. ఆసు చూడని వాళ్ళకి చెప్తాను: ఒక పక్క అర్ధచంద్రంలా మేకులుంటాయి, ఎదురుగా ఇంకో మేకు. దారం పట్టుకున్న చెయ్యి అటూ ఇటూ పోతూ వస్తూ ఉండాలి. ఒక్క చీరకి కొన్ని వేలసార్లు. పోగు తప్పితే రంగు తప్పుతుంది, చిటికీ చీరలో డిజైను చెడుతుంది. అమ్మమ్మ కుడిచెయ్యి యాభై ఏళ్ళకే భుజం పైకి లేచేది కాదు. జుట్టు ముడి మా అమ్మే వేసేది. ఎవరైనా వచ్చి, నువ్వేం పని చేస్తావని అడిగితే, "నేనేం పన్జేస్త బిడ్డా, ఇంట్లనే ఉంట" అనేది. నేత కార్మికుడి గుర్తింపు కార్డు తాత పేరు మీదే ఉండేది. సొసైటీలో వాటాదారు తాతే.

ఆ భుజం నొప్పినే తల్లి ఒంట్లో చూసిన ఒక కొడుకు దాని గురించి ఏదో చేశాడు. చింతకింది మల్లేశం ఆసు పోసే యంత్రం కనిపెట్టి దానికి తల్లి లక్ష్మి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో సినిమా తీశారు. నూలుని పవిత్రం చేసి మాట్లాడేవాళ్ళు ఆయన దగ్గర నేర్చుకోవలసింది ఒకటుంది: చేతిపని పేరుతో అన్ని నొప్పుల్నీ కాపాడుకోనక్కర్లేదు. ఏ పని చేతిలో ఉండాలి, ఏది యంత్రానికి ఇవ్వాలి అన్నది ఆ చెయ్యి ఎవరిదో వాళ్ళే చెప్పాలి. ధ్యానం కోసం రాట్నం తిప్పేవాళ్ళకి నచ్చినప్పుడు లేచే వీలుంది. కూలి కోసం తిప్పే ఆమెకి లేదు.

2019–20 చేనేత గణనలో దేశంలోని చేనేత కార్మికులు ముప్ఫై అయిదు లక్షలకి పైన తేలారు. అందులో వందకి డెబ్భై రెండుమంది స్త్రీలు. అయినా తెలుగులో 'నేతన్న' అనే అంటాం. పథకాలకీ అదే పేరు, పాటలకీ అదే పేరు, మన కవితా సంకలనాలకీ అదే పేరు. నేతమ్మ అని ఎవరైనా అంటే వ్యంగ్యంలా వినిపించేంతగా చెవులకి అలవాటైపోయింది.

ఇక పత్తి. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో పండేదంతా దాదాపు దేశవాళీ పత్తే. మిల్లులకి పొడుగు పింజ కావాలి కనుక విత్తనం మారింది. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మన చేలల్లో వేరే మాటే లేకుండా పోయింది. ఈ చరిత్రని ఎక్కువగా రైతు అప్పుల కథగా, మగవాళ్ళ ఆత్మహత్యల కథగా చెప్పుకున్నాం. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల విత్తనపత్తి చేలల్లో ఒక్కో పువ్వుకీ పుప్పొడి అద్దినవాళ్ళు చిన్నపిల్లలు, వాళ్ళలో ఎక్కువమంది బడి మానేసిన ఆడపిల్లలు. కలుపు తీసేదీ, కిలోకింత అని పత్తి ఏరేదీ స్త్రీలే. దేశవాళీ విత్తనం తిరిగొచ్చినంత మాత్రాన ఏరే కూలి తనంతట తాను పెరగదు.

ఉజ్రమ్మ, ఆమె సహచరులు మల్ఖా పేరుతో చేసిన ప్రయత్నాన్ని అందుకే నేను గౌరవిస్తాను. పత్తిని ఓడల్లో దూరదేశం పంపడానికి ఇటుకలా నొక్కి బేళ్ళు కట్టడం మొదలైంది, ఊరి పక్కనే వడికే నూలుకి ఆ నొక్కుడుతో పనేమిటన్నది ఆమె ప్రశ్న. బేలు కట్టని దూదిని చిన్న యంత్రాల మీద, పత్తి పండేచోటే నూలు చేయాలన్నారు. యంత్రం వద్దనలేదు. యంత్రం ఎంత ఉండాలి, ఎవరి చేతిలో ఉండాలి అని అడిగారు. మీనా మీనన్‌తో కలిసి ఆమె రాసిన పత్తి చరిత్ర 2017లో వచ్చింది. మన సాహిత్య విభాగాల్లో దాన్ని చదివించాలని నాకెప్పట్నించో ఉంది.

'సమష్టి' అన్న మాట మీద ఇంకొక్క సంగతి. ఊళ్ళో ఒకప్పుడు ముతకబట్ట నేసింది మాలలు. సన్నబట్ట నేసిన కులాలకి మార్కండేయుడూ పురాణాలూ చీరల మీద పేర్లూ మిగిలాయి. ముతకబట్ట నేసిన వాళ్ళ మగ్గాలు మిల్లుగుడ్డ దెబ్బకి పోయాయి, జ్ఞాపకం కూడా పోయింది. ఇప్పుడు సంప్రదాయాన్ని తిరిగి తెస్తామంటున్నవాళ్ళు ఏ గూడెంలో ఏ మగ్గం ఆగిపోయిందో అడిగారా? నేను పోయిన శిబిరంలో అడగలేదు. నేనూ అడగలేదు. ఏకై వచ్చి మేకై కూర్చోవడం నూలుకి తెలియని విద్య కాదు. ఖద్దరు ఒకసారి పేదరాలి ఇంట్లోంచి ఏకుగా బయల్దేరి పెద్దవాళ్ళ భుజాల మీద మేకై కూర్చుంది. రెండోసారీ అదే జరగబోతోందని నా భయం.

స్థానిక బట్ట పేరుతో కూడేవాళ్ళని నేనడిగేది పెద్ద సిద్ధాంతమేమీ కాదు. చీర మీద ధర చీటీ ఉంటుంది కదా, దాని వెనక ఏరినామెకెంత, వడికినామెకెంత, ఆసు పోసినామెకెంత, నేసినవాళ్ళకెంత, అమ్మినవాళ్ళకెంత అని రాయండి. సంఘంలో వాటా ఇంటికొకటి కాక మనిషికొకటి ఇవ్వండి. ధర పెరిగితే పేదవాళ్ళు కొనలేరంటారా, వడికిన ఆమె ఇప్పుడే కొనలేకపోతోంది. ఆ పాలియెస్టర్ చీర చూశారుగా.

ఈ సంవత్సరం కూడా శిబిరం ఉందని మొన్న ఫోను చేశారు. నేర్పడానికి అదే పెద్దావిడ వస్తోందట. ఆమె పేరేమిటి, రోజుకెంత ఇస్తున్నారని అడిగాను. కనుక్కుని చెప్తామన్నారు. ఇవాళ్టికి పదకొండు రోజులు.