మగ మంత్రసానులు – మన మంత్రసానులు

"మగ మంత్రసాని" అనగానే మన హాస్టల్లో నవ్వులు మొదలవుతాయి. కానీ ఇంగ్లాండులో 17, 18 శతాబ్దాల్లో కాన్పులు చేసే మగ వైద్యులను నిజంగా అలాగే పిలిచేవారు. ప్రసూతి వైద్యం అనే పెద్ద చదువుకు పునాదులు వేసినవాళ్లలో వీళ్లూ ఉన్నారు. ఆ చదువు ఎవరి ఒంటి మీద నేర్చుకున్నారో కూడా మనం తెలుసుకోవాలని మా అభిప్రాయం.

ఫ్రాన్సులో మత హింసకు భయపడి 1569లో ఇంగ్లాండుకు పారిపోయి వచ్చిన కుటుంబం చాంబర్లెన్లది. కాన్పులో బిడ్డ తల ఇరుక్కుంటే పట్టి బయటికి తీసే ఫోర్సెప్స్‌ను, అంటే ఒక రకం పటకారును, తయారుచేసింది వాళ్లే. అది లేనప్పుడు తల్లిని బతికించాలంటే బిడ్డను కడుపులోనే ముక్కలు చేయాల్సి వచ్చేది. ఇంత గొప్ప పనిముట్టును వాళ్లు వందేళ్లకు పైగా ఇంటి రహస్యంగా దాచుకున్నారు. 1670లో ఆ వంశంలోని హ్యూ చాంబర్లెన్ దాన్ని అమ్ముకోవడానికి పారిస్ వెళ్లాడు. అక్కడి ప్రసిద్ధ వైద్యుడు మోరిసో, కటి ఎముకలు వంకరపోయి కాన్పు కాని ఒక స్త్రీని చూపించి పరీక్ష పెట్టాడు. కొద్ది నిమిషాల పని అన్న హ్యూ మూడు గంటలు లాగి చేతులెత్తేశాడు. బిడ్డ కడుపులో ఉండగానే ఆమె చనిపోయింది. చరిత్రలో ఇద్దరు వైద్యుల పేర్లూ ఉన్నాయి, ఆమె మాత్రం ఒక కేసుగా మిగిలింది. చివరికి 1813లో ఎసెక్స్‌లోని ఒక పాత ఇంట్లో నేల చెక్కల కింద ఆ పనిముట్లు దొరికాయి.

స్కాట్లాండు నుంచి లండన్ వచ్చిన విలియం స్మెల్లీ ఇందుకు భిన్నం. ఫీజు కట్టిన శిష్యులకు దాపరికం లేకుండా నేర్పాడు, 1752లో గ్రంథం అచ్చువేశాడు. పేద స్త్రీలకు ఉచితంగా కాన్పు చేసేవాడు. బదులుగా శిష్యులు చుట్టూ నిలబడి చూడడానికి వాళ్లు ఒప్పుకోవాలి. పదేళ్లలో వెయ్యికి పైగా కాన్పులు అలా జరిగాయి. ఉచితం అన్నారే గానీ, ఆ తల్లులు సిగ్గు చంపుకొని కట్టిన ఫీజు అది.

మన సీమ గడ్డ మీద, 1887లో కర్నూలులో పుట్టిన ఆర్కాటు లక్ష్మణస్వామి మొదలియారు కూడా ప్రసూతి వైద్యుడే. మద్రాసు ఎగ్మోర్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి సూపరింటెండెంటుగా పనిచేశారు. ఆయన పాఠ్యగ్రంథం 1938లో వచ్చింది. 1962లో ఆయన కమిటీ, ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం కింద నలభై వేల మందికి మించి ఉండరాదని చెప్పింది. సర్కారు ఆసుపత్రికి వచ్చేదెవరో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక మన ఊళ్లకు వద్దాం. జమ్మలమడుగు, పులివెందుల పల్లెల్లో మన అవ్వలు చాలామంది మంత్రసానులు. అర్ధరాత్రి నొప్పులు వస్తే లాంతరు పట్టుకొని పిలవడానికి వచ్చేవాళ్లు. బిడ్డ పుట్టేదాకా ఆ చేతులకు అంటు లేదు, బొడ్డు కోసి మాయ పూడ్చాక మళ్లీ అంటు! చేట బియ్యం, పాత కోక, అంతే కూలి. ఆ రోజులు మళ్లీ రావాలని మేము అనడం లేదు. మంత్రసాని ఎంత నేర్పరి అయినా నెత్తురు ఆగకపోతే చేయగలిగింది తక్కువే. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలి.

కానీ ఆసుపత్రిలో ఏం జరుగుతోంది? మా అక్కలు కాన్పుకు పోయిన చోట నొప్పితో అరిస్తే తిట్లు, ఒక్కోసారి తొడ మీద దెబ్బ. "మొగుడి దగ్గర లేని సిగ్గు ఇప్పుడెందుకు" అనే మాట విననివాళ్లు తక్కువ. పేద తల్లుల ఒంటి మీద నేర్చుకున్న విద్యతో పేద తల్లినే తిట్టడం మాకు అర్థం కాదు. ఆ పని చేసేవాళ్లలో మన హాస్టళ్లలో చదివినవాళ్లూ ఉంటే మరీ బాధ.

మాది కాన్పుల చదువు కాదు, మా ఇళ్లలో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం అంతే. అయినా మెడిసిన్, నర్సింగు చదువుతున్న మన అక్కలను, అన్నలను అడుగుతున్నాం. మీ మొదటి కాన్పు డ్యూటీ ఎలా జరిగిందో, ఆ తల్లితో మీరేం మాట్లాడారో వచ్చే సంచికకు రాయండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సంక్రాంతి సెలవులకు ఊరికి పోయినప్పుడు మిమ్మల్ని ఏ అవ్వ చేతుల్లోకి తీసుకుందో అమ్మనడిగి ఆమె పేరు రాసుకురండి.