మాటకు బదులు

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు పెద్దలు. ఈ సామెత చర్చలకూ వర్తిస్తుంది. ఎవరు ఎంత గట్టిగా మాట్లాడారన్నది ముఖ్యం కాదు. ఒకరి మాటకు మరొకరు ఎలా బదులు చెప్పారన్న దాన్ని బట్టే చర్చ విలువ తేలుతుందని నా అభిప్రాయం.

కొన్నేళ్ల క్రితం ఒడిశాలోని ఒక తెలుగు బడిలో చర్చాగోష్ఠి చూశాను. వేసవిలో బడి ఉదయం ఆరున్నరకే మొదలుపెట్టడం మంచిదా, కాదా అన్నది విషయం. ఒక బాలిక లేచి, "అంత బేగి రావాలంటే, మూడు కిలోమీటర్లు నడిచి వచ్చే మేము ఎన్నింటికి లేవాలి?" అని అడిగింది. ఎదుటి పక్షం బాలుడు, "బేగి కాదు, త్వరగా అనాలి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ పిల్ల కూర్చుంది. గంట కొట్టేదాకా మళ్లీ నోరు విప్పలేదు. ఆమె ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ బాలుడు చెడ్డవాడు కాడు. మాట్లాడడం నేర్పిన మనం బదులు చెప్పడం నేర్పలేదు. అంతే.

మన పూర్వులు ఈ సంగతి బాగా ఆలోచించారు. న్యాయశాస్త్రం వాదాన్ని, జల్పాన్ని, వితండాన్ని వేరుచేసి చెప్పింది. నిజం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం నిలబెట్టకుండా, ఎదుటివారి మాటను పడగొట్టడానికే చేసేది వితండం. శాస్త్రకారులు ముందుగా ఎదుటివారి అభిప్రాయాన్ని పూర్వపక్షంగా చెప్పి, ఆ తరువాతనే తమ సిద్ధాంతాన్ని చెప్పేవారు.

గిడుగు రామమూర్తి పంతులుగారిని చూడండి. ఆయన చాలాకాలం ఉపాధ్యాయులుగా పనిచేసిన పర్లాకిమిడి 1936 నుంచి ఒడిశాలో ఉంది. వాడుక భాషకు రాతలో చోటివ్వాలని వాదిస్తూ, 1919లో 'తెలుగు' అనే పత్రికను నడిపారు. గ్రాంథికమే రాయాలన్న పండితుల వాక్యాలనే ఎత్తి చూపి, ఆ భాషలో వారికీ తప్పులు దొర్లుతున్నాయని నిరూపించారు. ఊరికే దెప్పిపొడవలేదు. ఎదుటివారి వాక్యాన్ని ముందు పెట్టుకొని బదులు చెప్పారు. అంతటి పెద్దమనిషి మెలగిన రాష్ట్రంలోనే, నోట నానే మాట పలికినందుకు ఒక పిల్ల నవ్వులపాలు కావడం విచారకరం.

కనుక మన తరగతి చర్చల్లో కొన్ని పద్ధతులు పాటిస్తే బాగుంటుంది. మొదటిది, బదులు చెప్పేవారు "మీరు అన్నది ఇదే కదా" అని ఎదుటివారి మాటను తిరిగి చెప్పాలి. వారు అవునన్న తరువాతే తమ మాట చెప్పాలి. రెండవది, బదులు మాటకే చెప్పాలి. మనిషి యాసకో, ఊరికో, ఇంటిపేరుకో కాదు. మూడవది, ఒక విద్యార్థి నల్లబల్ల మీద ఒకవైపు ప్రశ్నలను, ఎదురుగా జవాబులను రాస్తూ ఉండాలి. జవాబు లేని ప్రశ్న మిగిలితే చర్చ ముగిసినట్లు కాదు. నాలుగవది, తన అభిప్రాయం తప్పని తోచినవారు ఆ మాట ధైర్యంగా చెప్పాలి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనడం పౌరుషం కాదు.

ఇలా చేస్తే చర్చ నెమ్మదిస్తుందని, రక్తి తగ్గుతుందని కొందరు అనవచ్చు. నెమ్మదించే మాట నిజమే. కాని ఆ రోజు నల్లబల్ల మీద ఆ బాలిక ప్రశ్న రాసి ఉంటే, దాని ఎదుట ఉన్న ఖాళీ అందరికీ కనిపించేది. ఎవరో ఒకరు జవాబు వెతికేవారు.

హోసూరులోనైనా, బళ్లారిలోనైనా, యానాంలోనైనా తెలుగు ఒక్కొక్క తీరుగా పలుకుతుంది. పొరుగు భాషల నడుమ మన తెలుగు నిలవాలంటే, ముందు మన పిల్లలు అందులో నిర్భయంగా మాట్లాడాలి. నవ్వితే మూగబోయే నోరు, బదులు చెబితే మళ్లీ పలుకుతుంది.