పాత ఇంట్లో ఆఫీసు గది



ఈ నెల రక్తపోటు గురించి రాస్తానని పోయిన సంచికలో మాట ఇచ్చాను. ఈసారికి ఆ మాట తప్పుతున్నాను, మన్నించాలి. కారణం ఏమిటంటే, మొన్న ఉగాది కార్యక్రమంలో పులిహోర కోసం వరుసలో నిలబడి ఉండగా ముగ్గురు మిత్రులు వేరువేరుగా ఒకే సంగతి చెప్పారు. "డాక్టరు గారూ, పాత ఇల్లు కొన్నాం. మేడమీద గదిలో ఆఫీసు పెట్టుకుంటున్నాం. శని, ఆదివారాల్లో మేమే గోకి రంగులు వేసుకుంటాం." ముగ్గురిళ్ళలోనూ అయిదేళ్ళలోపు పిల్లలున్నారు. విస్తరాకు చేత్తో పట్టుకుని రెండు ముక్కల్లో చెప్పే విషయం కాదు గనక ఇక్కడ రాస్తున్నాను. పైగా ఈ విషయంలో తెలివితక్కువ పని చేసి అనుభవించినవాణ్ణి నేనే.

మా ఇల్లు పిట్స్‌బర్గ్‌లోని స్క్విరిల్ హిల్‌లో ఉంది. 1926లో కట్టిన ఇటుక ఇల్లు. 2021 చివర్లో కొన్నాం. కరోనా రోజుల నుంచీ వారానికి రెండు రోజులు నేను రోగులను వీడియోలోనే చూస్తున్నాను. మా ఆవిడది కంప్యూటర్ ఉద్యోగం, ఆమె భోజనాల బల్ల ముందే ఆక్రమించింది. రోగి చెప్పుకునే మాటలు ఇంట్లోవాళ్ళ చెవిన కూడా పడకూడదు. అది మర్యాదే కాదు, 1996 నాటి చట్టం కూడా. కాబట్టి తలుపు వేసుకోగలిగిన గది ఒకటి కావలసి వచ్చింది.

మొదట బేస్‌మెంట్ చూశాను. మా ఊరి పాత ఇళ్ళ బేస్‌మెంట్లలో ఒక మూల గోడా తలుపూ ఏమీ లేకుండా ఒంటరిగా ఒక కమోడ్ ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. రోగులకు వీడియోలో వెనకాల అది కనిపిస్తే బాగుండదు. అంతకంటే పెద్ద కారణం రేడాన్. నేలలోంచి వచ్చే ఈ వాయువుకు రంగూ వాసనా ఉండవు. ఊపిరితిత్తుల కేన్సరుకు పొగ తాగడం తరవాత రెండో కారణం ఇదే. లీటరు గాలిలో 4 పికోక్యూరీలకు చేరితే తగ్గించే ఏర్పాటు చేసుకోమని ఇక్కడి పర్యావరణ శాఖ సలహా. మా బేస్‌మెంట్‌లో 6 దాటింది. గొట్టమూ ఫ్యానూ పెట్టించి తగ్గించుకున్నాం గాని, రోజుకు ఎనిమిది గంటలు అక్కడ కూర్చోవడానికి మనసు ఒప్పలేదు. బేస్‌మెంట్‌లో ఆఫీసు పెట్టేవారు ముందు ఆ పరీక్ష చేసుకోండి. పరీక్ష డబ్బా బజారులో చవకగానే దొరుకుతుంది.

చివరికి మేడమీద వెనక గది ఖాయమైంది. రెండు పెద్ద కిటికీలు, బయట ఓక్ చెట్టు. ఆ గది పక్కనే మా పాప పడుకునే గది.

2022 మే నెలలో అమ్మా నాన్నా కాకినాడ నుంచి వచ్చారు. నాన్న కరెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. గదిలోకి రాగానే ఆయన కళ్ళు గోడ అడుగున ఉన్న ప్లగ్ పాయింటు మీద పడ్డాయి.

"ఒరే అబ్బాయ్, దీనికి రెండు కన్నాలే ఉన్నాయి. మూడోది ఏదిరా?"

"ఫరవాలేదు నాన్నా, మూడు పిన్నులది రెండు పిన్నుల్లో పట్టేలా చిన్న అడాప్టరు కొన్నాను."

"పట్టడం వేరు, పనిచెయ్యడం వేరు. ఎర్త్ లేదురా దీనికి!"

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆ రోజుల్లో ఇళ్ళకు ఎర్త్ తీగ వేసేవారు కాదు. సర్జ్ ప్రొటెక్టరు పెట్టామని మనం ధైర్యంగా ఉంటాం గాని, ఎర్త్ లేనిచోట దాని పని సగం కూడా జరగదు. ఇద్దరం అటక మీదకు ఎక్కి చూస్తే, పింగాణీ బిళ్ళల మీదుగా, పింగాణీ గొట్టాల్లోంచి విడివిడిగా పోతున్న తీగలు కనిపించాయి. దీన్ని నాబ్ అండ్ ట్యూబ్ వైరింగ్ అంటారు. 1940ల దాకా కట్టిన ఇళ్ళలో ఉంటుంది. చుట్టూ గాలి ఆడుతూ ఉంటే ఆ తీగల వేడి గాలిలోకి పోతుంది. చలికి తట్టుకోలేక అటక నిండా ఇన్సులేషన్ దూది కప్పించామా, ఆ వేడి పోయే దారి ఉండదు. అక్కడే ప్రమాదం.

చలికాలంలో కాళ్ళ దగ్గర పెట్టుకునే హీటరు 1500 వాట్లది. 120 వోల్టుల మీద అది ఒక్కటే 12.5 ఆంపియర్లు లాగుతుంది. పాత లైను మొత్తానికీ 15 ఆంపియర్లే దిక్కు. దానిమీద కంప్యూటరు, ప్రింటరు కూడా అంటే వీడియోలో రోగి మాట్లాడుతుండగానే చీకటి. అందుకని లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియనును పిలిచి, ప్యానెల్ నుంచి ఆఫీసు గదికి ఎర్త్‌తో సహా విడి లైను వేయించాం. అంత ఖర్చు ఇప్పుడే పెట్టలేనివారు జి.ఎఫ్.సి.ఐ. పాయింటు బిగించుకోవచ్చు. అది మనిషిని షాకు నుంచి కాపాడుతుంది, కంప్యూటరుకు మాత్రం ఎర్త్ ఇవ్వదు. నాన్న కుర్చీ వేసుకుని కూర్చుని ఆ పని అంతా పర్యవేక్షించారు. ఎలక్ట్రీషియనుకు తెలుగు రాదు, నాన్నకు అతని ఇంగ్లీషు అందదు, అయినా ఇద్దరికీ చక్కగా కుదిరింది.

ఇంటర్నెట్ సంగతి ఒక్క మాటలో చెబుతాను. పాత గోడలు చెక్క బద్దీల మీద, కొన్నిచోట్ల ఇనప జల్లెడ మీద మెత్తిన ప్లాస్టరు. వైఫై వాటిని దాటడానికి నానా అవస్థా పడుతుంది. కొత్త పెట్టెలు కొనేకంటే ఒక తీగ లాగించుకోవడమే మేలు.

కరెంటు విషయంలో నాన్న మాట విన్నాను. కిటికీల విషయంలో ఎవరినీ అడగలేదు.

ఆ కిటికీలు రంగు పూతలతో అతుక్కుపోయి కదలడం లేదు. జూన్‌లో రెండు ఆదివారాలు కూర్చుని కత్తితో అంచులు కోసి, సాండ్ పేపరుతో కొయ్య తేలేదాకా రుద్దాను. తెల్లటి పొడి నేలంతా పడింది. చీపురుతో ఊడ్చి, మామూలు వాక్యూమ్ పెట్టి, పని అయిందనుకున్నాను. కిటికీలు హాయిగా పైకీ కిందికీ జరిగాయి. పాపకు అప్పటికి రెండేళ్ళు నిండబోతున్నాయి. రోజూ ఆ కిటికీ గట్టు పట్టుకుని నిలబడి చెట్టు మీది ఉడతల్ని చూసేది. చూస్తూ చూస్తూ వేళ్ళు నోట్లో పెట్టుకునేది.

మా కౌంటీలో 2018 నుంచి చిన్నపిల్లలందరికీ రక్తంలో సీసం పరీక్ష తప్పనిసరి. ఆగస్టులో రెండేళ్ళ పరీక్ష చేయిస్తే డెసిలీటరుకు 11 మైక్రోగ్రాములు వచ్చింది. వేలి మీంచి తీసినది తప్పు కావచ్చునని నరం నుంచి తీయించాం. మళ్ళీ 11. ఎంత దాటితే జాగ్రత్త పడాలి అని 2021లో పెట్టిన హద్దు 3.5.

నర్సు ఫోన్ చేసి, కంటికి సుర్మా పెడతారా, పసుపు ఎక్కడిది, నాటు మందులు వాడతారా అని అడిగింది. అడగవలసిన ప్రశ్నలే. కొన్ని సుర్మాలలో సీసం ఉంటుంది, రంగు కోసం పసుపులో సీసపు రసాయనం కలిపిన సందర్భాలూ బయటపడ్డాయి. ఫోన్ పెట్టగానే నేను చేసిన పని ఏమిటంటే, అమ్మ దగ్గరకు వెళ్ళి కాటుక భరిణె అడగడం. ఆవిడ ఆముదం దీపం మీద రాగిపళ్ళెం బోర్లించి స్వయంగా పట్టిన కాటుక అది. "నువ్వు పెట్టిన దీని వల్లే అయి ఉంటుంది" అన్నాను. అమ్మ భరిణె ఇచ్చేసింది, ఏమీ అనలేదు. ఆ రోజు నుంచీ పాపకు స్నానం చేయించడానికి కూడా ముందుకు రాలేదు.

రెండు వారాల తరవాత ఆరోగ్యశాఖ తరఫున ఒకాయన వచ్చాడు. గోకకుండానే రంగులో సీసం ఎంతుందో చెప్పే తుపాకీలాంటి యంత్రం తెచ్చాడు. కిటికీ చట్రం మీద పెట్టగానే అంకె పైకి పోయింది. గట్టు మీది దుమ్ము కూడా అదే చెప్పింది. కాటుకలో, పసుపులో సీసం లేదు. "ఇటీవల ఎవరైనా ఈ కిటికీలు సాండ్ చేశారా?" అని అడిగాడు. మా ఆవిడ నా వైపు చూసింది. పదేళ్ళుగా తెల్లకోటు వేసుకున్నవాణ్ణి, తలవంచుకుని "నేనే" అన్నాను.

వంటింట్లోకి వెళ్ళి చెప్పాను. "అమ్మా, నీ కాటుకలో ఏమీ లేదు. తప్పు నాదే."

"అది పోనీలేరా. పిల్లకు తగ్గుతుందా, అది చెప్పు."

డాక్టరుగా ఆ ప్రశ్నకు జవాబు ఇది. 45 దాటితేగాని సాధారణంగా మందు ఇవ్వరు. విషం వచ్చే దారి మూసెయ్యడమే వైద్యం. ఐరన్, కాల్షియం సరిపడా ఉంటే ఒంటికి సీసం తక్కువ పడుతుంది, అందుకని రాగిజావ, ఆకుకూర, పాలు. రక్తంలో అంకె నెలల మీద దిగుతుంది. మా పాపకు నవంబరుకు 7, మరుసటి వేసవికి 3 అయింది. కాని కొంత సీసం ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి ఉంటుంది. పిల్లల మెదడుకు ఇంత అయితే ఫరవాలేదు అనే హద్దు ఏదీ లేదు. పాప ఇప్పుడు బడికి వెళ్తోంది, చక్కగా చదువుతోంది. అయినా ఎప్పుడైనా ఒక అక్షరం తడబడితే నా మనసు ఆ కిటికీ దగ్గరకే పోతుంది.

ఆ ముగ్గురు మిత్రులకూ, మిగతావారికీ నేను చెప్పేది ఇది. మనం రోగిని చూడగానే కత్తి తియ్యం. ముందు వయసు అడుగుతాం, పూర్వ చరిత్ర వింటాం, పరీక్షలు చేయిస్తాం. పాత ఇంటికీ అదే వరుస.

1. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే రంగులో సీసం ఉందనే అనుకోండి. ఆ ఏడే ఇళ్ళ రంగుల్లో దాన్ని నిషేధించారు. పర్యావరణ శాఖ అంచనా ప్రకారం 1940కి ముందు కట్టిన ఇళ్ళలో నూటికి 87 ఇళ్ళలో ఆ రంగు ఉంది.

2. పొడిగా ఎప్పుడూ రుద్దవద్దు, వేడి గాలితో కాల్చవద్దు. పరీక్ష చేయించి, సీసం పనికి సర్టిఫికెట్ ఉన్నవారినే పెట్టుకోండి. కూలి తీసుకుని చేసేవారికి 2010 నుంచి అది తప్పనిసరి. మన ఇల్లు మనమే చేసుకుంటే అడిగేవాడు లేడు, చిక్కంతా అక్కడే ఉంది.

3. కిటికీల్లో మరీ జాగ్రత్త. రంగు వేసి ఉన్నా, జరిపినప్పుడల్లా రాపిడికి దుమ్ము రాలుతుంది. గట్లు తడిగుడ్డతో తుడవండి. వాక్యూమ్‌కు హెపా ఫిల్టరు ఉండాలి.

4. బేస్‌మెంట్‌లో ఆవిరి గొట్టాలకు చుట్టిన తెల్లటి పట్టీ ఆస్బెస్టాస్ కావచ్చు. కదపకండి, తెలిసినవారికి చూపించండి.

5. పని పూర్తయి, తుడిచిన దుమ్ము పరీక్షలో బాగుందని తేలేదాకా పిల్లల్ని, కడుపుతో ఉన్నవారిని ఆ ఇంట్లో ఉంచకండి.

మా కిటికీలు ఇప్పుడు కొత్తవి. అదే గదిలో కూర్చుని ఇది రాస్తున్నాను. కిందటి వేసవిలో అమ్మ మళ్ళీ వచ్చినప్పుడు కాటుక భరిణె తేలేదు. నేనే అడిగాను. "ఇక్కడ ఆముదం దొరుకుతుందిట్రా?" అంది. దొరికింది.

వచ్చే నెల రక్తపోటు గురించి తప్పక రాస్తాను. ఉంటాను మరి.