బాణీలు అప్పగించిన మనిషి

గిటారు మీటుతూ, తన పాట తానే కట్టుకుని జానపద ఫణితిలో పాడి పేరు తెచ్చుకున్నది కెనడాలో పుట్టిన జోనీ మిచెల్. పేరొచ్చాక అచ్చివచ్చిన బాణీని ఎవరైనా వదులుకుంటారా? ఈవిడ వదులుకుంది సుమండీ!

జాజ్ ఉద్దండుడు చార్లెస్ మింగస్‌కు నరాల జబ్బు చేసి, బాస్ వాయించే చేతులు పడిపోయాయి. చక్రాల కుర్చీలో ఉండే ఆయన 1978లో ఈమెకు కబురంపి, మాటలు కట్టమని తన కొత్త బాణీలు అప్పగించాడు. 1979 జనవరిలో కన్నుమూశాడు. 'మింగస్' అన్న పేరుతో రికార్డు ఆ ఏడే వచ్చింది. అందులో ఆయన పుట్టినరోజు సందడి కూడా వినిపిస్తుంది.

1959లో శాక్సఫోను విద్వాంసుడు లెస్టర్ యంగ్ పోయినప్పుడు మింగస్ కట్టిన బాణీకీ ఈమె మాటలు పొదిగింది. నాకు గొంతు పట్టేసింది అక్కడే.

మావాళ్లు మాత్రం, "ఇదేం పాటండీ, ఆపండి" అన్నారు. నేను రెండో పక్క వేశాను.