ఫ్రేము కట్టని బొమ్మలు

పట్నంలో చిత్రకారులకో సొసైటీ ఉంది. లాభాపేక్ష లేనిదంట. లాభం సంగతి సరే, కులాపేక్ష మాటేంటి?

మా చాట్రాయి మామిడికాయలు మోసే లారీలకి పేర్లు రాసింది మా నాయన. 1991లో చుండూరు జరిగాక మా గూడెం గోడమీద అంబేద్కర్ని గీసిందీ ఆ కుంచే. కూలి ఇచ్చారు గానీ కళాకారుడని ఒక్కడూ అన్లేదు. ఫ్లెక్సీలొచ్చాక ఆ కూలీ పోయింది.

ఆ సొసైటీ ఎగ్జిబిషన్లో ఆయన పని పెట్టమని అడిగాను. ఫ్రేము, అద్దం, ఎంట్రీ ఫీజు కావాలన్నారు. గోడకి ఫ్రేమెట్టా కడతారయ్యా? "అది బోర్డు పని, కళ కాదు" అన్నారు.

మరి డక్కలోళ్లు జాంబపురాణం చెప్పే పటమో? మా మాదిగల పుట్టుక కథంతా ఆ గుడ్డమీద బొమ్మలుగా ఉంది. వాళ్ల భుజాన ఉన్నంతకాలం అది అడుక్కునేవాళ్ల గుడ్డ. గాజుపెట్టెలోకి పోయాక వారసత్వం!

దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకుండానే పోయాడు. రాజమండ్రిలో ఆయన బొమ్మలకి గ్యాలరీ ఉంది. ఉండాల్సిందే. మా నాయన బొమ్మలు వానకి కారిపోయాయి.

2001 సొసైటీల చట్టం ప్రకారం ఏడుగురుంటే సంఘం పెట్టుకోవచ్చు. చట్టం కులం అడగదు. వాళ్లు ఏడుగురు కూర్చుంటే కళాసంఘం, గూడెంలో మేం ఏడుగురం కూర్చుంటే కులసంఘం. అననీ. నిబంధనలు రాసేశాం. ఫీజు లేదు, ఫ్రేము అక్కర్లేదు. గీసినోడి పేరు బొమ్మకింద పడాలి, లారీ మీదైనా సరే. ఐదు సంతకాలయ్యాయి. ఇంకో రెండు కావాలి.