అర్జీ కాదు, ఆజ్ఞ కాదు: ఈమెయిల్లో అడగడం నేర్పండి!

డిగ్రీ, ఇంజనీరింగ్ కళాశాలల యాజమాన్యాలకూ ఇంగ్లిష్ అధ్యాపకులకూ విజ్ఞప్తి



అమెరికాలో ఎమ్మెస్ చదవాలనుకునే మన పిల్లలకు చలికాలం వస్తే హడావిడి. అక్కడి చాలా విశ్వవిద్యాలయాల గడువులు డిసెంబరు, జనవరిలోనే. సిఫార్సు లేఖ కోసం ప్రొఫెసరుగారికి మెయిల్ వెళుతుంది: 'రెస్పెక్టెడ్ సర్, కైండ్లీ గివ్ రికమెండేషన్ లెటర్ ఎట్ ది ఎర్లియెస్ట్ అండ్ డూ ది నీడ్‌ఫుల్.' రాసింది పొగరుబోతు కాదు. ఎదురుపడితే 'సార్, ఒక లెటర్ ఇస్తారాండీ' అని నసుగుతూ అడిగే పిల్లవాడే. ఇంగ్లిష్‌లో పడేసరికి అతని మాట హుకుం అయింది.

తెలుగులో మర్యాదను 'అండి', 'గారు' మోస్తాయి. ఇంగ్లిష్‌లో ఆ పని 'కుడ్', 'వుడ్' చేస్తాయి. ప్రశ్నగా అడగడమూ అదే పని చేస్తుంది. 'ప్లీజ్' తగిలించినంత మాత్రాన ఆజ్ఞ కాస్తా అభ్యర్థన అయిపోదు. 'ప్లీజ్ సెండ్ ది లెటర్ బై ఫ్రైడే' అని పై అధికారి రాస్తే చెల్లుతుంది, విద్యార్థి రాస్తే చెల్లదు. 'కుడ్ యూ ప్లీజ్ సెండ్ ది లెటర్ బై ఫ్రైడే?' అంటే సరిపోతుంది. ఇంకాస్త వినయం కావాలా? 'ఐ వుడ్ బి గ్రేట్‌ఫుల్ ఇఫ్ యూ కుడ్ సెండ్ ఇట్.' ఇక్కడ 'కుడ్' చోట 'కెన్' రాసేస్తుంటారు, దిద్దేవారు లేరు. 'వుడ్ యూ మైండ్' తర్వాత 'టు సెండ్' రాదు, 'సెండింగ్' రావాలి. 'కుడ్ యూ టెల్ మీ వెన్ ఈజ్ ది ఇంటర్వ్యూ' తప్పు, 'వెన్ ది ఇంటర్వ్యూ ఈజ్' ఒప్పు. ఇదంతా కలిపితే వారం రోజుల పాఠం.

దానికి బదులు నేర్పుతున్నది సెలవు చీటీ. 'ఐ బెగ్ టు స్టేట్' అని మొదలై 'యువర్స్ ఒబీడియెంట్లీ' అని ముగిసే, తెల్లదొరల కచేరీల నాటి అర్జీ. 'డూ ది నీడ్‌ఫుల్' ఇంగ్లండులో పాతబడిపోయింది, మన దగ్గర ఇంకా నిక్షేపంగా ఉంది. హైదరాబాదు ఆఫీసుల్లో మనలో మనం రాసుకుంటే నాకు అభ్యంతరం లేదు. బయటివారికి మాత్రం చేయవలసిన పనేమిటో అంతుపట్టదు.

'ఏఐ రాసిపెడుతోందిగా' అంటారేమో. రాసిపెడుతుంది. అది రాసింది ప్రొఫెసరుకు తగినట్టుందా, తోటి ఉద్యోగికి తగినట్టుందా అని తేల్చవలసింది మళ్లీ మన పిల్లవాడే.

అందుకే అడుగుతున్నాను. పరీక్షలో సెలవు చీటీ తీసేసి మెయిల్ ప్రశ్న పెట్టండి. ఇంజనీరింగ్ కళాశాలల్లో ఇంగ్లిష్ ల్యాబ్ ఎలాగూ ఉంది. అక్కడ ఇంటర్న్‌షిప్ కోసమో సర్టిఫికెట్ కోసమో నిజమైన మెయిళ్లు టైపు చేయించండి. నేనెవరు, ఏం కావాలి, ఎప్పటికి కావాలి అన్నవి మొదటి నాలుగు వాక్యాల్లో ఉన్నాయా చూడండి. అవతలివారు కాదనడానికి విద్యార్థి చోటు వదిలాడా లేదా అన్నదానికీ మార్కులు వేయండి. కాదనే వీలు లేనిది అభ్యర్థన ఎలా అవుతుంది?

వచ్చే విద్యా సంవత్సరం మొదటి ఇంటర్నల్ పరీక్షలోనే ఆ ప్రశ్న కనిపించాలి. తల్లిదండ్రులారా, మీ పిల్లల కళాశాలకు వెళ్లినప్పుడు ఈ మాట ప్రిన్సిపాల్‌గారిని అడగండి.